చదరపు అడుగుకు నాలుగు రూపాయలు తగ్గించిన ఘనత

మా కోనసీమ వాళ్లకు బేరమాడటం రాదని ఎవరూ అనలేరు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత చెప్పుకుంటూనే, గోదావరి గట్టు మీద ఆ పులస దగ్గరే అరగంట నిలబడి బేరమాడే జనం మేము. అలాంటి చోట పుట్టి పెరిగిన నేను, గత అక్టోబరులో మా పాత ఇంటికి మరమ్మతులు మొదలుపెడుతూ, ప్లాస్టరింగు కూలి చదరపు అడుగుకు 38 రూపాయలన్న కాంట్రాక్టరు చేత 34కి ఒప్పించి, ఆ రాత్రి ఎంతో హాయిగా నిద్రపోయాను. ఆ నిద్ర నాకెంత ఖరీదు పడిందో నెలన్నర తర్వాత కొలతలు వేసిన రోజున తెలిసింది.

లోపలా బయటా కలిపి 4,200 చదరపు అడుగులు తేలింది. అడుగుకు నాలుగు చొప్పున 16,800 రూపాయలు మిగిల్చానని లెక్కేసుకుంటూ ఆయన రాసిన కాగితం చూస్తే, తలుపులూ కిటికీలూ ఉన్న చోట కూడా గోడే ఉన్నట్టుగా, ఏ ఖాళీనీ తీసేయకుండా కొలిచేశారు. ఇంట్లో ఏడున్నాయి తలుపులు, ఒక్కొక్కటి ఏడడుగుల ఎత్తు, మూడున్నర అడుగుల వెడల్పు. తొమ్మిది కిటికీలు, నాలుగుకు నాలుగు. అడిగితే, "అంచులు తీయడం మామూలు పని కాదండి, అసలు టైమంతా అక్కడే పోద్దండి" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. గోడ మీద పూత పూయడం కంటే గుమ్మం చుట్టూ అంచు తూకం తప్పకుండా తీయడానికే పనివాడికి ఎక్కువ సమయం పడుతుంది. అందుకే భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి కొలతల ప్రమాణం ఐఎస్ 1200 ఇద్దరికీ నష్టం లేకుండా ఒక మధ్యేమార్గం పెట్టింది: అర చదరపు మీటరు లోపు ఖాళీలైతే ఏమీ తీసేయక్కర్లేదు, అర నుంచి మూడు చదరపు మీటర్ల దాకా ఉంటే గోడకున్న రెండు ముఖాల్లో ఒక ముఖం వైపు మాత్రమే తీసేసి, రెండో ముఖాన్ని అంచుల పనికి బదులుగా వదిలేయాలి, మూడు దాటితే రెండు వైపులా తీసేసి అంచులను విడిగా కొలవాలి. మా తలుపులూ కిటికీలూ అన్నీ ఆ మధ్య రకంలోకే వస్తాయి. ఆ ప్రకారం తీసేయాల్సింది 315 అడుగుల పైచిలుకు, అంటే 34 చొప్పున 10,700 రూపాయల పైమాటే. నేను ఘనంగా మిగిల్చిన పదహారు వేల ఎనిమిది వందల్లో పదివేల ఏడు వందలు గుమ్మాల్లోంచీ కిటికీల్లోంచీ బయటికి వెళ్లిపోయాయన్నమాట.

దీన్ని మోసమని అనను. కొలిచే పద్ధతేమిటో నేను ముందు అడగలేదు, ఆయన చెప్పలేదు, అంతే. మనం బేరమంతా రేటు మీదే ఆడతాం. ఎన్ని అడుగులన్నది ఎలా తేల్చాలో ఎవరమూ మాట్లాడుకోం. రేటంటే పైకి కనిపించే అంకె కాబట్టి, దాన్ని తగ్గిస్తే మనం గెలిచినట్టు ఉంటుంది, పక్కింటి వాళ్లకు చెప్పుకోవడానికీ బాగుంటుంది. అవతలి మనిషికి ఆ సంగతి బాగా తెలుసు కనుకనే నాలుగు రూపాయలు తగ్గించడానికి పెద్దగా నొచ్చుకోడు.

ఇక మా వైపు వినిపించే మాటలన్నింటిలోకీ నాకు భయం పుట్టించేది "మీరు చూసి ఇవ్వండి" అన్నది. దానికి ముందు తప్పకుండా ఒక ఉపోద్ఘాతం ఉంటుంది: "మీ ఇల్లు నాకు కొత్తా అండీ, ఆ వసారా స్లాబు మా నాన్న వేసిందే కదండీ." ఆ మాట విన్న తర్వాత ఇంకా రేటు గురించి మాట్లాడితే మనమేదో తక్కువ మనుషులమైపోయినట్టు అనిపిస్తుంది, మొహమాటంతో "ఆయ్, అలాగే కానివ్వండి" అనేస్తాం, పని పూర్తయ్యాక మనం చూసి ఇచ్చింది ఆయన మనసులో అనుకున్నదానికి ఎప్పుడూ తక్కువే అవుతుంది. డబ్బు సంగతి మొదట్లో తేల్చుకోకపోవడం వల్ల రెండు తరాల స్నేహాలు చెడిన ఇళ్లు మా వీధిలోనే రెండున్నాయి.

మా బేరం నిజానికి మొదలుకాక ముందే చెడింది. మా చెల్లెలి పెళ్లి శ్రావణంలో అయింది. కాంట్రాక్టరు ఇల్లు చూడటానికి వచ్చిన రోజున, ఆయన ఇంకా టేపు కూడా బయటికి తీయకుండానే, మా అమ్మ స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి చేతికిస్తూ, "సంక్రాంతికి అల్లుడుగారు వస్తారు బాబూ, మొదటి పండగ, ఈలోగా అన్నీ అయిపోవాలి" అంది. ఆయన కాఫీ గ్లాసు పట్టుకుని నా వైపు చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు. గోదావరి జిల్లాల్లో కొత్త అల్లుడి మొదటి పండగంటే ఏమిటో వివరించనక్కర్లేదు. దానికి తోడు నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలు, కూలీలు దొరకడమే కష్టం. ఊళ్లో సగం ఇళ్ల వాళ్లు పండగలోపే రంగులు వేయించుకోవాలని తొందరపడుతుంటారు. ఆ తర్వాత నేను ఎంత గట్టిగా మాట్లాడినా, వేరే వాళ్ల దగ్గర అడుగుతానన్నా, ఆయన నింపాదిగా నవ్వుతూనే ఉన్నారు.

కాగితం మీదికి ఎక్కని పనులు ఇంకొక బాధ. పాత పూత చెక్కడం కూలిలో కలిసే ఉందన్నారు. చెక్కిన రబ్బీసు ఎత్తడం మాత్రం కలవలేదట. ట్రాక్టరుకు 1,200 చొప్పున ఏడు ట్రాక్టర్లకు నేనే ఇచ్చాను. పది రోజుల తర్వాత కాలువ అవతల ఒకాయన పల్లపు స్థలంలో మా ఇంటి పచ్చరంగు గోడ ముక్కలు కనిపించాయి. డెల్టాలో పల్లపు స్థలం మెరక చేయడానికి మట్టి ఎంత గిరాకీ వస్తువో అందరికీ తెలుసు. ఎత్తినందుకు నేనిచ్చాను, పోసినందుకు ఆ స్థలం ఆయనా ఇచ్చాడట.

అయితే బేరంలో నిజంగా నెగ్గితే ఏమవుతుందో కూడా మా ఇంట్లోనే ఉంది. 1996 నవంబరు 6 నాటి తుపానుకు మా ముందు వసారా పెంకులన్నీ లేచిపోయాయి. మరుసటి ఏడాది మే నెలలో మా నాన్నగారు అక్కడ స్లాబు వేయించారు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కనుక మంచినీళ్లు ఎడ్లబండి మీద తోలించాలి, దానికి ఇంత అవుతుందని ఆనాటి మేస్త్రీ అడిగితే, నాన్నగారు ఆ ఖర్చు కొట్టేయించి, పెరట్లోని బోరు నీళ్లతోనే పని కానిచ్చారు. ఆ సంగతి ఆయన చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకున్నారు. సముద్రానికి దగ్గరి మా ఊళ్లో ఆ బోరు నీళ్లు నోట పెట్టుకోలేనంత ఉప్పన. ఇనుము ఉన్న కాంక్రీటులో వాడే నీటిలో, ఉప్పులో ఉండే క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనుల ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. లోపలి ఊచలు తుప్పు పట్టి, ఉబ్బి, ఇప్పుడు ఆ స్లాబు అడుగున పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. నేనీ మరమ్మతులకు దిగడానికి మొదటి కారణం ఆ పెచ్చులే. అందుకని నీళ్ల ఖర్చు మీద నేను ఒక్క రూపాయి కూడా బేరమాడలేదు.

వంటగది, బాత్రూము పనులు మాత్రం సరుకుతో సహా ఇంతని ఆగస్టులోనే మాట్లాడుకున్నాం. ఆ తర్వాత 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది, అంటే పన్నుతో కలిపి 128 పడే సరుకు 118 పడాలి. టైల్సు రేటు పెరిగిందని తెల్లారేసరికి ఫోను చేసిన మనిషి, దీని గురించి నవంబరు దాకా మాటైనా ఎత్తలేదు. నేను ఎత్తితే, "అది కంపెనీ వాళ్లు తినేస్తారండి, మన దాకా రాదండి" అన్నారు. సిమెంటు కొట్టు బిల్లులు తెప్పించి చూపించాక కొంత తగ్గించారు. పన్ను మారినా సరుకు ధర మారినా ఎవరిది భారం అని ఒక్క వాక్యం ముందే రాసుకుని ఉంటే ఆ గంటన్నర వాదన ఉండేది కాదు.

ఆయన వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. శనివారం సాయంత్రం కూలీల బట్వాడా ఆగదు. నేను రెండు వారాలు డబ్బు ఆలస్యం చేసినప్పుడు ఆయన భార్య గొలుసు తాకట్టు పెట్టి ఇచ్చారని తర్వాత వాళ్ల తాపీ పనివాడు చెబితే నాకు సిగ్గేసింది. బేరమంటే తగ్గించడమే అనుకునే వాళ్లు, ఏ పని అయ్యాక ఎంతివ్వాలో తేదీలతో సహా రాసిచ్చి, ఆ తేదీకి డబ్బు చేతిలో పెడతామంటే, అదే రేటుకు ఎంత తేడాగా పని జరుగుతుందో ఒకసారి చూడాలి. రెండో నెల నుంచి నేను అలాగే చేశాను. కట్టిన గోడకు, పూసిన పూతకు వారం రోజులు నీళ్లు కొట్టే మనిషి చెప్పకుండానే రావడం మొదలుపెట్టాడు.

పండగ గడిచింది, అల్లుడుగారు వచ్చి వెళ్లారు, పడమటి గదిలో గోడ అడుగున చెమ్మ మళ్లీ మూరెడు ఎక్కింది. ముప్పై వేలు నా దగ్గర ఆపి ఉంచాను, వానాకాలం దాటాక ఇస్తానని ముందే రాసుకున్నాం కనుక ఆయనా ఏమీ అనలేదు. మొన్న ప్రహరీ గోడ సంగతి మాట్లాడటానికి వచ్చి, వసారాలో కూర్చుని, టేపు తీసి పక్కన పెట్టుకుని, "ఈసారి పండగేమైనా ఉందాండీ?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే వంటింట్లోంచి మా అమ్మ, "ఏమీ లేదు బాబూ, ఎప్పుడైనా ఫరవాలేదు" అని గట్టిగా చెప్పింది. కాఫీ మాత్రం రేటు రాసుకున్నాకే తెచ్చింది.