26వ తేదీ మీద మోపుతున్న నేరం

డిసెంబరు చివరి వారం వచ్చిందంటే చాలు, బాగా చదువుకున్న మిత్రులే ఒకరి తరువాత ఒకరు పంపే సందేశం ఈసారీ వచ్చింది. ‘ప్రపంచాన్ని కుదిపిన విపత్తులన్నీ 26వ తేదీనే ఎందుకు?’ అన్నది శీర్షిక. కింద లిస్బన్ నుంచి నేపాల్ దాకా ఒక పట్టిక ఉంటుంది. చివర, రెండూ ఆరూ కలిపితే ఎనిమిది, అది శని సంఖ్య, కనుక ఆ రోజు జాగ్రత్తగా ఉండండి అన్న హితవు. పంపేముందు ఒక్క తేదీనైనా ఎవరూ సరిచూసుకోరన్నదే నా కోపం.

చైనాలో తాంగ్‌షాన్ నగరాన్ని నేలమట్టం చేసి, అధికారిక లెక్క ప్రకారమే 2,42,000 మందిని బలిగొన్న భూకంపం వచ్చింది 1976 జులై 28న. నేపాల్ భూకంపం 2015 ఏప్రిల్ 25న వచ్చింది, మరునాడు 6.7 తీవ్రతతో నేల మళ్లీ కంపించిన మాట నిజమే కానీ, అప్పటికే వేలమంది శిథిలాల కింద ఉన్నారు. ఇండోనేసియాలోని క్రకటోవా అగ్నిపర్వతం 1883 ఆగస్టు 26 మధ్యాహ్నం రగులుకున్నా, 36,000 మంది మృతుల్లో అత్యధికులను ముంచిన అలలు 27 ఉదయానివి. టర్కీలోని ఎర్జింజాన్ భూకంపం స్థానిక కాలమానం ప్రకారం 1939 డిసెంబరు 27 అర్ధరాత్రి దాటాక వచ్చింది.

మిగిలిన తేదీలు సరైనవే అనుకున్నా, అవి ఎవరి తేదీలు? 1531 నాటి లిస్బన్ భూకంపం జనవరి 26న వచ్చిందనడం పాత జూలియన్ పంచాంగం లెక్క. ఇప్పటి క్యాలెండరులో అది ఫిబ్రవరి 5. సుమత్రా దగ్గర సముద్రగర్భం చీలి సునామీ పుట్టినప్పుడు మనకు 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం ఆరున్నర. అదే క్షణంలో న్యూయార్క్‌లో ఇంకా 25 రాత్రి. పైగా 1531 నుంచి 2015 వరకు 26వ తేదీ దాదాపు 5,800 సార్లు వచ్చింది. వాటిలోంచి డజను ఏరుకుని, మిగిలిన వేల రోజులను వదిలేస్తే ఏ తేదీనైనా దోషిగా నిలబెట్టవచ్చు.

శని సంఖ్య గురించి చెప్పవలసింది లేదు. మన రాజ్యాంగం ఆమోదం పొందినదీ, అమలులోకి వచ్చినదీ 26వ తేదీలలోనే. ముంబయి దాడి మనుషులు కుట్ర పన్ని చేసిన హత్యాకాండ, ప్రకృతి పట్టికలో దానికి చోటే లేదు.

నన్ను నిజంగా కలవరపెట్టేది ‘ఆ రోజు జాగ్రత్త’ అన్న మాట. 2004లో భూమి కంపించాక మన తూర్పు తీరానికి అలలు చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. ఆ రెండు గంటల్లో తీరంలోని జనానికి చెప్పే వ్యవస్థ హిందూ మహాసముద్రంలో ఏ దేశానికీ లేదు కనుకనే అంతమంది పోయారు. భూకంప కేంద్రానికి అతి దగ్గరలో ఉన్న ఇండోనేసియా ద్వీపం సిమెలూలో 70,000 మందికి పైగా ఉండగా, చనిపోయినవారు పట్టుమని పదిమంది కూడా లేరు. 1907 నాటి సునామీని తాతలు కథలుగా, పాటలుగా చెబుతూ వచ్చారు. నేల గట్టిగా ఊగి, సముద్రం వెనక్కి తీసిందంటే కొండెక్కాలని అక్కడి పిల్లలకూ తెలుసు. వారిని కాపాడింది ఆ గుర్తు తప్ప తేదీ కాదు. మన దేశానికీ 2007 అక్టోబరులో హైదరాబాద్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం ఏర్పడింది. అది ఏడాదిలో ప్రతి రోజూ, రాత్రింబవళ్లు పనిచేస్తుంది. 26న భయపడమని నేర్పితే, 27న సముద్రం వెనక్కి తీసినప్పుడు తీరంలోని మనిషి గవ్వలు ఏరుకోవడానికి ముందుకే నడుస్తాడు. దివిసీమను ఉప్పెన ముంచినది 1977 నవంబరు 19న, లాతూరు కూలినది 1993 సెప్టెంబరు 30న అని మనవాళ్లకే గుర్తులేకపోతే ఎలా?

ఆ పట్టికలోనిదే అయిన 2001 జనవరి 26 నాటి గుజరాత్‌ భుజ్ భూకంపంలో రెండువందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లో బహుళ అంతస్తుల భవనాలు ఎందుకు కూలాయో ఈ సందేశం అడగదు. కింద గోడలు లేకుండా, వాహనాలు నిలుపుకోవడానికి వదిలిన స్తంభాల మీదే పై అంతస్తుల బరువంతా మోపిన కట్టడాలు ఎన్నో వాటిలో ఉన్నాయి. అటువంటి అపార్ట్‌మెంట్లు మన విజయవాడలో, హైదరాబాద్‌లో వీధివీధికీ ఉన్నాయి.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఇరాన్‌లోని బామ్ నగరం 2003 డిసెంబరు 26 తెల్లవారుజామున, అంటే సునామీకి సరిగ్గా ఏడాది ముందు కూలిందన్నది నిజం; మన పత్రికలు మరచిన ఆ ఊరి పేరు ఈ పట్టికలోనైనా మిగిలి ఉంది. అయితే అక్కడ పాతిక వేలకు పైగా జనం నిద్రలోనే పోవడానికి కారణం పచ్చి ఇటుక గోడలు, వాటిమీది బరువైన మట్టి కప్పులు. అవి కూలి పొడి అయినప్పుడు, మామూలు శిథిలాల్లో మిగిలే గాలి సందులు కూడా చాలామందికి మిగలలేదు.