సవరణ: జేమ్సన్ చెప్పిన మూడు దశలు

పెట్టుబడిదారీ వ్యవస్థ ఒక్కో దశలో కళాసాహిత్యాల్లో ఒక్కో ధోరణి వచ్చిందని మొన్నటి పోస్టులో రాశాను: మార్కెట్ పెట్టుబడితో వాస్తవికవాదం (లోకాన్ని ఉన్నదున్నట్టు చూపడం), గుత్త పెట్టుబడితో, అంటే కొద్ది పెద్ద కంపెనీల గుత్తాధిపత్యంతో, ఆధునికవాదం (పాత పద్ధతులు వదిలి కొత్త రూపాలు వెతకడం), బహుళజాతి పెట్టుబడితో పోస్ట్‌మోడర్నిజం (ఆధునికవాదం తర్వాత వచ్చిన ధోరణి). ఈ వరుస అమెరికన్ మార్క్సిస్టు విమర్శకుడు ఫ్రెడ్రిక్ జేమ్సన్ 1984 వ్యాసంలోదే. ఆర్థిక దశల విభజన మాత్రం మార్క్సిస్టు ఆర్థికవేత్త ఎర్నెస్ట్ మాండెల్‌ది.

అయితే కొత్తది రాగానే పాతది చచ్చిపోతుందని జేమ్సన్ అనలేదు. పాత రూపాలూ ఉంటాయి, పెత్తనం మాత్రం ఒకదానిదే. ఆధునికవాదానికీ పోస్ట్‌మోడర్నిజానికీ తేడా చూపడానికి ఆయన రెండు బొమ్మలు పక్కపక్కన పెడతాడు. మొదట వాన్ గో గీసిన బూట్లు చూడండి: అరిగిన తోలు, దాని వెనక రైతు చాకిరీ, ఒక లోకమంతా కనిపిస్తుందంటాడు జేమ్సన్. అమెరికన్ పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ మెరుపు పొడి అద్దిన బూట్లలో ఆ లోకం లేదు, సరుకు నిగనిగే ఉంది. ఆయన వాదనలో నాకు బాగా నచ్చిన చోటు ఇదే.

జేమ్సన్ పోస్ట్‌మోడర్నిజాన్ని తిట్టిపోశాడన్న వాక్యం తీసేశాను. మెచ్చుకోవడం, తిట్టడం కాదు, చారిత్రకంగా అర్థం చేసుకోవాలన్నదే ఆయన పట్టు.