లేబుల్ మీద తాతగారు క్షేమం

కాలిఫోర్నియాలో వైనరీ, అంటే ద్రాక్షతో వైన్ చేసే సంస్థ, అమ్ముడుపోయిన ప్రతిసారీ కొందరు పెద్దమనుషులు కళ్ళొత్తుకుంటారు. వారసత్వం పోయిందని, కుటుంబాల కష్టాన్ని కార్పొరేట్లు మింగేశాయని వాళ్ళ బాధ. ఈ శోకసభకు నేను రాలేను. కుటుంబం అనే వ్యవస్థ మీద ఈ రోజుల్లో కాస్త గౌరవం ఉన్నది ఆ కార్పొరేట్లకే అని నా దృఢాభిప్రాయం. కుటుంబాలదేముంది, కొట్టుకుంటాయి, కోర్టుకెక్కుతాయి, వాటాలు పంచుకుంటాయి, మంచి ధర రాగానే అమ్మేసి వెళ్ళిపోతాయి. కొన్నవాడు మాత్రం తాతగారి సంతకాన్నీ, పాత రాతి భవనం బొమ్మనీ, 'తరతరాలుగా మా కుటుంబం' అన్న మాటనీ లేబుల్ మీంచి చెరగనివ్వడు. అసలు కుటుంబానికి లేని పట్టుదల అది.

అమ్మకం రోజున వెలువడే ప్రకటన ఏదైనా తీసి చదవండి. ఏదీ మారదు అని ఉంటుంది. వైన్‌మేకర్ అలాగే ఉంటాడు, తోటలు అలాగే ఉంటాయి, విలువలు మరీ అలాగే ఉంటాయి. ఏదీ మార్చని పనికి అన్ని కోట్లు ఎందుకు పోశారని అడగడం మర్యాద కాదు. నిజానికి మొదటి ఏడాది ఏదీ మారదు కూడా, ఎందుకంటే పీపాల్లో ఉన్నది పాత యజమాని పెట్టిన సరుకే.

ఈ సేవాభావం ఎంత దూరం వెళ్ళగలదో తెలియాలంటే ఇంగిల్‌నుక్ అనే వైనరీ సంగతి చెప్పుకోవాలి. అలాస్కాలో సీల్ అనే సముద్ర జంతువు తోళ్ళ వ్యాపారం చేసి ధనవంతుడైన గుస్టావ్ నీబామ్ అనే ఫిన్లాండ్ నౌకా కెప్టెన్ 1879లో కాలిఫోర్నియాలో వైన్‌కి పేరుపడ్డ నాపా వ్యాలీలోని రూథర్‌ఫర్డ్‌లో దాన్ని మొదలుపెట్టాడు. డబ్బు సంపాదించడానికి కాదు, అది ఆయన దగ్గర ముందే ఉంది. మంచి వైన్ చేయాలనే పిచ్చి ఆయనది. తర్వాత అదే పిచ్చి వారసుడు జాన్ డేనియల్‌కి పట్టింది. ఆయన హయాంలోని 1941 నాటి క్యాబర్నే సావిన్యో అనే రెడ్ వైన్ గురించి తెలిసినవాళ్ళు ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడతారు. పంట బాగా లేని ఏడాది సొంత పేరు మీద సీసాలోకి ఎక్కించకుండా సరుకుని బల్క్‌గా బయటివాళ్ళకి అమ్మేసేవాడట. ఇంతటి అమాయకుడి చేతిలో వ్యాపారం నిలబడుతుందా? 1964లో అమ్మేశాడు.

మరో ఐదేళ్ళకి ఇంగిల్‌నుక్ హ్యూబ్లైన్ చేతికి వచ్చింది. అమెరికాలో స్మిర్నాఫ్ వోడ్కా అమ్మే కంపెనీ అది. అప్పుడు గానీ ఆ లేబుల్‌కి స్వాతంత్ర్యం రాలేదు. అంతవరకూ పాపం రూథర్‌ఫర్డ్‌లో ఉన్న కొన్ని ఎకరాలకి కట్టుబడి బతికింది. ఇక ఆ అవసరం లేదు. ఎండలు మండే సెంట్రల్ వ్యాలీ నుంచి ద్రాక్ష లారీల్లో వచ్చింది. ఇంగిల్‌నుక్ పేరు చవక వైన్ పోసే పెద్ద జగ్ సీసాల మీదకి ఎక్కింది, సూపర్‌మార్కెట్లలో కింది అరకి దిగింది. డేనియల్ గారు చెడ్డ ఏడాది సరుకు మీద వేయడానికి ఒప్పుకోని పేరుని, కొత్తవాళ్ళు ఏ ఏడాది సరుకు మీదైనా ధారాళంగా వేశారు. దానగుణం అంటే అది.

తర్వాత ఇంకా తమాషా జరిగింది. పేరు ఒక దారిన, ఊరు ఒక దారిన పోయాయి. 1994లో పేరు కెనండైగ్వా అనే కంపెనీకి వెళ్ళింది, దాన్నే తర్వాత కాన్‌స్టెలేషన్ బ్రాండ్స్ అన్నారు. నీబామ్ గారి ఇంటిని 1975లోనే హాలీవుడ్ దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా కొనుక్కున్నాడు. 1995లో ఆ రాతి భవనాన్నీ మిగతా తోటలనీ కూడా కొన్నాడు. అంటే నేల ఉంది, భవనం ఉంది, సెల్లార్ ఉంది, పేరు మాత్రం లేదు. తన గేటు మీద ఇంగిల్‌నుక్ అని రాసుకునే హక్కు ఆయనకి లేదు. ఆ హక్కున్న వాళ్ళకి ఆ గేటు లేదు. పాపం ఆయన నీబామ్-కొప్పోలా అన్నాడు, రూబికాన్ ఎస్టేట్ అన్నాడు, చివరికి 2011లో పేరుని వేరే డబ్బు పెట్టి కొనుక్కున్నాడు. అప్పటికది ది వైన్ గ్రూప్ అనే కంపెనీ దగ్గరుంది. ఎస్టేట్‌కి పెట్టిన దానికన్నా పేరుకే ఎక్కువ పెట్టానని ఆయనే చెప్పుకున్నాడు.

నీబామ్ గారి పేరు నిలబెట్టడానికి ఇంత తపన పడ్డ మనిషి తన పేరుని ఎలా కాపాడుకుంటాడో అని మీకు ఉత్కంఠగా ఉండొచ్చు. 2021లో సొనోమాలో ఉన్న ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా వైనరీని, దాని పేరుతో సహా, డెలికాటో ఫ్యామిలీ వైన్స్‌కి ఇచ్చేశాడు. ఇప్పుడు కొప్పోలా పేరున్న సీసా డెలికాటో వారిది, కొప్పోలా పేరు లేని సీసా కొప్పోలాది. దీన్ని తికమక అనేవాళ్ళకి వ్యాపారం అర్థం కాదు.

పేర్ల వ్యవహారంలో అసలైన వేదాంతి మాత్రం ఫ్రెడ్ ఫ్రాంజియా. 2022లో పోయాడు. 1973లో ఆయన తండ్రీ, తండ్రి అన్నదమ్ములూ కుటుంబ వైనరీని న్యూయార్క్ కోకాకోలా బాట్లింగ్ కంపెనీకి అమ్మేశారు. దాంతోపాటు ఇంటిపేరు కూడా వెళ్ళిపోయింది. పెళ్ళి శుభలేఖ మీద ఫ్రాంజియా అని వేసుకోవచ్చు, వైన్ సీసా మీద వేసుకోకూడదు. ఇంకొకరైతే కుంగిపోయేవారు. ఫ్రెడ్ మాత్రం సోదరుడితో, కజిన్‌తో కలిసి బ్రాంకో వైన్ కంపెనీ పెట్టి, మిగిలిన జీవితమంతా ఊళ్ళో వాళ్ళ పేర్లు కొంటూ గడిపాడు. చితికిపోయిన వైనరీల లేబుళ్ళంటే ఆయనకి మహా ప్రేమ.

అలా దొరికిన వాళ్ళలో చార్ల్స్ షా ఒకాయన. ఈయన నిజంగా ఉన్న మనిషి. నాపాలో సొంత వైనరీ పెట్టి, ఫ్రాన్స్‌లోని బోజొలే పద్ధతిలో తేలికపాటి రెడ్ వైన్ చేయాలని కలలు కన్నాడు. వైనరీ మునిగింది. పేరుని ఫ్రెడ్ 27 వేల డాలర్లకి కొన్నాడని చెబుతారు. 2002లో ట్రేడర్ జోస్ దుకాణాల్లో సీసా 1.99 డాలర్లకి దిగింది, 'టూ బక్ చక్', అంటే రెండు డాలర్ల చార్ల్స్, అని జనం ముద్దుపేరు పెట్టుకున్నారు. సీసాలు కోట్లలో అమ్ముడుపోయాయి. అసలు షా గారికి అందులోంచి వాటా లేదు. కానీ కీర్తి లేదంటారా? సొంతంగా కష్టపడి ఉంటే ఆయన పేరు నాపా దాటేదా? కాలేజీ హాస్టళ్ళ దాకా వెళ్ళింది.

ఇదే ఫ్రెడ్ గారికి నాపా రిడ్జ్ లాంటి పేర్లూ దొరికాయి. పేరులో ఊరుంటే ద్రాక్ష కూడా ఆ ఊరిదే అయ్యుండాలని 1986లో అమెరికా కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టింది గానీ, అప్పటికే ఉన్న లేబుళ్ళకి మినహాయింపు ఇచ్చింది. ఫ్రెడ్ ఏరుకున్నది సరిగ్గా ఆ మినహాయింపు లేబుళ్ళనే. నాపా అన్న పేరు, సెంట్రల్ వ్యాలీ ద్రాక్ష. నాపా రైతులు లబోదిబోమన్నారు, కాలిఫోర్నియా 2000లో చట్టం చేసింది, ఏళ్ళ తరబడి కోర్టుల్లో నలిగి చివరికి నాపా అని పేరు పెడితే 75 శాతం అక్కడి ద్రాక్ష పోయాల్సిందేనని తేలింది. ఒక ఊరి పేరుకి చట్టం అండగా నిలిచింది. మనుషుల పేర్లకి అలాంటి నియమం లేదు. సీసా మీద సంతకం పెట్టిన మనిషి అందులో ఎంత శాతం ఉండాలో ఏ చట్టమూ చెప్పదు.

మాండవీల ఇల్లు చూడండి. 1943లో ఆ కుటుంబం చార్ల్స్ క్రూగ్ అనే పాత వైనరీని కొంది. 1965లో అన్నదమ్ములు రాబర్ట్, పీటర్ చేయి చేసుకునేదాకా వెళ్ళారు. వైట్‌హౌస్ విందుకని రాబర్ట్ భార్యకి కొన్న ఖరీదైన మింక్ కోటు దగ్గర మాట మొదలైందంటారు. రాబర్ట్ బయటికొచ్చి 1966లో సొంత పేరుతో వైనరీ పెట్టాడు, దాన్ని అమెరికా వైన్‌కే మారుపేరు చేశాడు, 1993లో షేర్ మార్కెట్‌కి తీసుకెళ్ళాడు. 2004లో కాన్‌స్టెలేషన్ దాన్ని 100 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చి పట్టుకుపోయింది. అప్పుడాయనకి 91 ఏళ్ళు. కొడుకు టిమ్‌తో, కూతురు మార్సియాతో కలిసి మళ్ళీ కొత్త వైన్ మొదలుపెట్టినప్పుడు దానికి కాంటినమ్ అని పేరు పెట్టుకున్నారు, మాండవీ అని కాదు. పీటర్ వైపు వాళ్ళు మాత్రం చార్ల్స్ క్రూగ్‌ని ఇప్పటికీ అమ్మలేదు. దాంతో మాండవీ పేరున్న వైనరీ పరాయివాళ్ళ దగ్గర, పరాయి పేరున్న వైనరీ మాండవీల దగ్గర స్థిరపడ్డాయి.

అన్నదమ్ముల పంపకాలు అయిపోయాయి కదా అనుకుంటే 2025లో పేరుకీ పంపకం జరిగింది. కాన్‌స్టెలేషన్ ఖరీదైన రాబర్ట్ మాండవీ వైనరీని తన దగ్గరే ఉంచుకుని, చవక రకం రాబర్ట్ మాండవీ ప్రైవేట్ సెలెక్షన్‌ని, వుడ్‌బ్రిడ్జ్‌ని, మరికొన్నింటిని ది వైన్ గ్రూప్‌కి అమ్మింది. 2008లో కన్నుమూసిన పెద్దాయన పేరు ఇప్పుడు రెండు కంపెనీల్లో ఉద్యోగం చేస్తోంది. ఒకచోట సూటు వేసుకుని, ఇంకోచోట చొక్కా చేతులు మడిచి.

పాతకాలపు మనుషులు కాబట్టి వీళ్ళంతా పేరుతోపాటు తోటలూ భవనాలూ పెట్టుకుని బరువు మోశారు. కొత్త తరం తెలివైనది. ది ప్రిజనర్ అనే వైన్ లేబుల్ మీద చిత్రకారుడు గోయా గీసిన సంకెళ్ళ ఖైదీ బొమ్మ ఉంటుంది. దాన్ని పుట్టించిన డేవ్ ఫిన్నీ 2010లో 4 కోట్ల డాలర్లకి అమ్మాడు. కొన్నవాళ్ళు 2016లో కాన్‌స్టెలేషన్‌కి 28.5 కోట్ల డాలర్లకి అమ్మారు. మధ్యలో చేతులు మారినది తోట కాదు, వైనరీ కాదు. పేరు, బొమ్మ, సరుకు. అంతకు ముందు ఏడాది ఇదే కాన్‌స్టెలేషన్ మెయోమీ అనే పేరుకి 31.5 కోట్లు పెట్టింది. అక్కడా గజం స్థలం రాలేదు. సంకెళ్ళ మనిషి బొమ్మ చేతులు మారుతూ పోవడంలో ఏదో అర్థం ఉందని నా అనుమానం గానీ, వ్యాపార పేజీల వాళ్ళు అలాంటివి పట్టించుకోరు.

ఇంతకీ తాగేవాడికి ఇదంతా తెలిసే దారి లేదా అంటే ఉంది, వెనక లేబుల్‌లో అట్టడుగున చిన్న అక్షరాల్లో. 'ప్రొడ్యూస్డ్ అండ్ బాటిల్డ్ బై' అని ఉంటే కనీసం 75 శాతం వైన్‌ని ఆ చెప్పినవాళ్ళే అక్కడే పులియబెట్టారని. 'సెల్లార్డ్' అనో 'వింటెడ్' అనో ఉంటే ఎక్కడ పులిసినా ఫర్వాలేదు, వీళ్ళ దగ్గర కాసేపు విశ్రాంతి తీసుకుందని. ఆ తర్వాత వచ్చే కంపెనీ పేరు కూడా అసలు పేరు కానక్కర్లేదు. ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకుంటే ఒకే ఫ్యాక్టరీ ఎన్ని వ్యాపార నామాలైనా పెట్టుకోవచ్చు. పైన నాపా వ్యాలీ అనాలంటే 85 శాతం ద్రాక్ష అక్కడిదే కావాలి. అందుకే అమ్మకం అయిన కొన్నేళ్ళకి చాలా లేబుళ్ళ మీద వ్యాలీ పేరు మెల్లగా మాయమై 'కాలిఫోర్నియా' అనే విశాల దృక్పథం ప్రవేశిస్తుంది. అక్షరాల సైజు, రంగు, తాతగారి చూపు మాత్రం ఎక్కడివక్కడే.

బే ఏరియాలో మనవాళ్ళు ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని నాపా తీసుకెళ్ళడం ఒక ఆచారం. అందమైన తోట, మేడ, ఫోటోలు. టేస్టింగ్ గదిలో అమ్మాయి కుటుంబ చరిత్ర చెబుతూ ఉంటే పక్కన నాన్నగారు "ఎకరం ఎంతుంటుందమ్మా ఇక్కడ?" అని అడుగుతారు. పిల్లలు సిగ్గుపడతారు. సిగ్గెందుకు? ఆ గదిలో అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. ఆయన రెండో ప్రశ్న "ఇప్పుడెవరి పేరున ఉంది?" అని. దానికి ఆ అమ్మాయి దగ్గర జవాబు సిద్ధంగా ఉండదు.

మన దగ్గర నూటయాభై గజాల స్థలం కొనాలన్నా 30 ఏళ్ళ ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు అడుగుతాం, తెలిసిన లాయరుకి చూపిస్తాం. 100 డాలర్ల సీసాకి మాత్రం బొమ్మ చూసి కార్డు గీకేస్తాం. కాబట్టి అమెరికా మద్యం లేబుళ్ళు చూసే ప్రభుత్వ బ్యూరోకి నా వినతి: ప్రతి సీసాకీ ఈసీ జతచేయాలి. నమూనాగా బోల్యూ వైన్‌యార్డ్‌ది నేనే రాసిపెట్టాను. 1900లో జార్జ్ డి లాటూర్ దంపతులు స్థాపించారు. 1969లో హ్యూబ్లైన్ కొంది, రెండేళ్ళకి కెంటకీ ఫ్రైడ్ చికెన్ కూడా అదే ఇంటికి చేరింది కనుక లాటూర్ గారూ కల్నల్ శాండర్స్ గారూ కొంతకాలం ఒకే యజమాని కింద పనిచేశారు. 1982లో సిగరెట్ల రేనాల్డ్స్. 1987లో బ్రిటన్‌కి చెందిన గ్రాండ్ మెట్రోపాలిటన్. 1997లో అది ఐర్లండ్ బీరు గిన్నిస్ వాళ్ళతో కలవగా ఏర్పడ్డ డియాజియో. 2016 నుంచి ఆస్ట్రేలియాకి చెందిన ట్రెజరీ వైన్ ఎస్టేట్స్. ఇంత ప్రయాణంలోనూ ప్రైవేట్ రిజర్వ్ సీసా మీద జార్జ్ డి లాటూర్ అన్న పేరు చెక్కుచెదరలేదు. చికెన్, సిగరెట్టు, ఐరిష్ బీరు, అన్నిటి పక్కనా నిలబడి వచ్చాడు మహానుభావుడు.

పరిశ్రమ దీనికి ఒప్పుకోదని తెలుసు. లేబుల్ మీద చోటు చాలదంటారు, కుటుంబ కథకే సరిపోవట్లేదు అంటారు. అందరి సంగతీ నాకెందుకు, ది వైన్ గ్రూప్‌తో మొదలుపెడదాం. వాళ్ళ ఆఫీసు మన శివ-విష్ణు ఆలయం ఉన్న లివర్‌మోర్‌లోనే, దర్శనం చేసుకుని వచ్చేటప్పుడు ఎవరైనా అర్జీ ఇచ్చి రావచ్చు. ఒకప్పుడు ఫ్రెడ్ నాన్నగారు అమ్మేసిన ఫ్రాంజియా పేరు తిరిగి తిరిగి ఇప్పుడు వాళ్ళ దగ్గరే ఉంది. దాన్ని సీసాలో కాదు, అట్టపెట్టెలో అమ్ముతారు. 5 లీటర్ల పెట్టె. ఈసీ మొత్తం అచ్చేసినా ఇంకో రెండు అమ్మకాలకి చోటు మిగులుతుంది.