ఫోన్‌కు పిల్లల వయసు తెలియాలి

పదో తరగతి ఫలితాలు రాగానే సెల్‌ఫోన్ షాపులకు గిరాకీ పెరుగుతుంది. మంచి మార్కులొస్తే ఫోన్ కొనిస్తానన్న మాట నాన్న నిలబెట్టుకుంటాడు. డబ్బా విప్పాక కౌంటర్ దగ్గరి కుర్రాడే జీమెయిల్ ఖాతా తెరిచి ఇస్తాడు. పుట్టిన తేదీ అడిగిన చోట 1998 అనో 2001 అనో పెట్టేస్తాడు. అలా పెడితే మధ్యలో ఏ అడ్డంకీ రాదని అతనికి తెలుసు. స్క్రీన్ గార్డ్ అంటించి, పౌచ్ తొడిగి చేతికిస్తాడు. పదిహేనేళ్ల పిల్ల ఆ నిమిషం నుంచి ఫోన్ లెక్కలో మేజర్.

పిల్లల కోసం ఫోన్‌లో ముందే పెట్టి ఉంచిన కట్టుదిట్టాలు చాలావరకు ఆ తేదీ మీదే నడుస్తాయి. ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ ఫ్యామిలీ లింక్ 2017లో వచ్చింది. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్ 2018 నుంచి ఉంది. రెండింటికీ పైసా కట్టక్కర్లేదు. రోజుకు ఎంతసేపు వాడాలి, రాత్రి ఎన్నింటికి ఫోన్ దానంతటదే లాక్ అవ్వాలి, కొత్త యాప్ వేసుకోవాలంటే ఎవరిని అడగాలి అన్నవన్నీ అమ్మ తన ఫోన్‌లోంచే నిర్ణయించవచ్చు. ఇన్‌స్టాగ్రామ్ మన దేశంలో 2025లో మొదలుపెట్టిన టీన్ ఖాతాలు కూడా ఇలాంటివే. ఖాతా మొదటినుంచే ప్రైవేట్‌గా ఉంటుంది, రాత్రి పది నుంచి ఉదయం ఏడు వరకు నోటిఫికేషన్లు రావు. 1998లో పుట్టానని నమోదైన పిల్లకు ఇవేవీ వాటంతట అవి వర్తించవు.

చట్టం సంగతీ అంతే. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది. తల్లిదండ్రుల అనుమతిని నిర్ధారించుకోకుండా వాళ్ల డేటా తీసుకోకూడదు, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు వేయకూడదు. తప్పితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, ఈ భాగం 2027లో అమలుకు వస్తుంది. కానీ అవతల ఉన్నది చిన్నపిల్ల అని కంపెనీకి తెలిస్తేనే కదా ఇదంతా! వయసు అడిగి, ఏది చెబితే అది నమ్మేసినట్టు నటించే కంపెనీలను మేము వెనకేసుకు రావడం లేదు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ల లోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు వద్దని, వయసు తేల్చే భారాన్ని కంపెనీల నెత్తిన పెట్టింది. అది సబబే. అంతవరకూ మన ఇళ్లలో మొదటి రోజే తప్పుడు ఏడాది నమోదు చేయడం మాత్రం మనం ఆపగలిగిన పని.

అయితే మన దగ్గర ఇంకో పెద్ద చిక్కుంది. ఈ ఏర్పాట్లలో ఎక్కువ భాగం ప్రతి పిల్లాడికీ సొంత ఫోన్ ఉంటుందనుకుని చేసినవి. గ్రామీణ పిల్లల చదువులపై ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే సర్వే, 2024 అసర్ నివేదిక చూడండి. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చిన 16 ఏళ్ల వాళ్లలో సొంత ఫోన్ ఉన్నవాళ్లు 38 శాతంలోపే. మిగతావాళ్లు వాడేది ఇంట్లోవాళ్లదే. ఫోన్ వాడటం తెలిసిన 14-16 ఏళ్ల పిల్లల్లో ఆ ముందు వారం చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా చూసినవాళ్లు 76 శాతం. బడి హోంవర్క్‌ను వాట్సాప్ గ్రూపులో పెడుతుంది, అమ్మ వంట మధ్యలో ఫోన్ ఇచ్చేస్తుంది. హోంవర్క్ రాసుకోవడం పది నిమిషాల్లో అయిపోతుంది, ఫోన్ మాత్రం గంటకు గానీ తిరిగి రాదు. అది అమ్మ ఖాతా కాబట్టి యూట్యూబ్ ముప్పై అయిదేళ్ల మనిషికి చూపించేవే పిల్లాడికీ చూపిస్తుంది. యూపీఐ కూడా అందులోనే.

ఇలాంటి ఫోన్‌కు ఫ్యామిలీ లింక్ పనికిరాదు. దారులు మాత్రం లేకపోలేదు. ఆండ్రాయిడ్‌లో యాప్ పిన్నింగ్ అని ఒకటుంది. వాట్సాప్‌ను తెర మీద పిన్ చేసి ఇస్తే, లాక్ తీయకుండా వేరే యాప్‌లోకి పోవడం కుదరదు. ఐఫోన్‌లో ఇదే పనికి గైడెడ్ యాక్సెస్ ఉంది. ప్లే స్టోర్‌లో పేరెంటల్ కంట్రోల్స్ ఆన్ చేసి పిన్ పెడితే పెద్దల యాప్‌లు డౌన్‌లోడ్ కావు. కొనే ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోవచ్చు. యూట్యూబ్‌లో పెద్దల వీడియోలను చాలావరకు దాచే రిస్ట్రిక్టెడ్ మోడ్ ఉంది. శామ్‌సంగ్ ఫోన్లలో పిల్లలకని వేరే తెరే ఉంది. ఇవన్నీ పెట్టడానికి పావుగంట చాలు. ఒక్క మాట, ఆ పిన్ పిల్లాడి పుట్టినరోజు కాకూడదు. చాలా ఇళ్లలో అదే ఉంటుంది, వాడికీ ఆ సంగతి తెలుసు.

గల్ఫ్ కుటుంబాల కష్టం ఎవరికీ పట్టలేదు. జగిత్యాలలోనో, కడపలోనో, కోనసీమలోనో పిల్లలు నానమ్మ దగ్గర పెరుగుతుంటారు, తల్లో తండ్రో కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉంటారు. ఫ్యామిలీ లింక్‌కు ఆధారమైన గూగుల్ ఫ్యామిలీ గ్రూపులో ఉండేవాళ్లంతా ఒకే దేశంలో ఉండాలన్నది నియమం. దూరాన ఉన్న తండ్రికే ఈ సాధనం ఎక్కువ అవసరం, అతనికే అది అందదు. బటన్ ఫోన్ వాడే నానమ్మ ఏం చేస్తుంది? వలస కుటుంబాల కోసం గూగుల్ ఈ నియమాన్ని సడలించాలి. కేంద్ర ఐటీ శాఖ ఆ మాట అడగాలి. ఈలోగా ఇక్కడున్న మేనమామో పిన్నో ఆ బాధ్యత తీసుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఫ్యామిలీ లింక్‌లో పిల్లల మెసేజ్‌లు కనిపించవు, కాల్స్ వినపడవు. దాన్ని లోటనుకునే తల్లిదండ్రులు ఉన్నారు. ఎవరో పంపిన లింకు నొక్కి గూఢచారి యాప్ వేసేస్తారు. పిల్ల ఫొటోలు, ఆమె ఎక్కడుందన్న వివరాలు ముక్కూమొహం తెలియనివాళ్ల చేతికి వెళ్తాయి. దానికంటే పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె చూస్తుండగానే సెట్టింగ్స్ మార్చడం మేలు. 13 దాటిన పిల్లల పాత ఖాతాకు పర్యవేక్షణ జోడించాలంటే వాళ్లు ఒప్పుకోవాలి కూడా. పదేళ్లప్పుడు పెట్టిన గంట పరిమితి పదిహేడేళ్లప్పుడూ ఉంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు. ఏడాదికోసారి కాస్త వదులు చేస్తూ రావాలి.

కన్నాలు లేవని మేము అనడం లేదు. ఫ్యామిలీ లింక్ వెబ్‌సైట్ల వడపోత క్రోమ్‌కే పరిమితం. స్నేహితుడి ఫోన్ ఎప్పుడూ పక్కనే ఉంటుంది. పైగా ఇంట్లో కొత్త ఫోన్ ఏదొచ్చినా సెట్ చేసిపెట్టేది పిల్లలే. కాపలా పెట్టాల్సినవాళ్లకే తాళం వేయడం రాని ఇంట్లో భారమంతా తల్లిదండ్రుల మీద వేస్తే ఏమీ జరగదు.

అందుకే ఈ పని షాపులోనూ బడిలోనూ మొదలవ్వాలి. ఫోన్ ఎవరికని దుకాణదారుడు అడిగి, పిల్లలకైతే అసలు తేదీతోనే ఖాతా తెరవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరు 7న, మళ్లీ 2025 జూలై 10న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్‌లు పెట్టింది. లక్షల మంది తల్లిదండ్రులు ఒకే రోజు బడికి వచ్చే సందర్భం అది. ఉపన్యాసాల్లో ఓ అరగంట తగ్గించి, కంప్యూటర్ తెలిసిన టీచరు ముందు నిలబడి, తల్లుల చేతుల్లోని ఫోన్లలోనే ఈ సెట్టింగ్స్ పెట్టించాలి. సైబర్ మోసాలకు 1930, పిల్లల సాయానికి 1098 నంబర్లను ఆ ఫోన్లలో సేవ్ చేయించాలి. తెలంగాణ బడుల్లోనూ, ప్రైవేటు స్కూళ్లలోనూ ఇదే జరగాలి. వాట్సాప్‌లో హోంవర్క్ పెట్టే అలవాటు వాళ్లదే కాబట్టి ప్రైవేటు స్కూళ్లకు ఈ బాధ్యత ఇంకాస్త ఎక్కువ. అయిదో తరగతి లోపు పిల్లలకైతే హోంవర్క్‌ను తిరిగి డైరీలోనే రాసి పంపాలి.