డీఎన్ఏది ఏ గోత్రం?

నదీమూలం, ఋషిమూలం అడగకూడదన్నారు పెద్దలు. జన్యుమూలం అడగవచ్చో లేదో చెప్పకుండా పోయారు. అందుకే శాస్త్రజ్ఞులు అడిగారు. 1944లో జవాబు వచ్చింది: తరం నుంచి తరానికి లక్షణాలను మోసుకెళ్లేది అప్పటిదాకా అందరూ అనుకున్న ప్రోటీన్ కాదు, డీఎన్ఏ అని. అది చాలామందికి నచ్చలేదు. అలా నమ్మనివారిని ఈ రోజుల్లో అందరూ తప్పుపడుతున్నారు గానీ, నేను వారి పక్షమే.

వంశాన్ని మోస్తానని ముందుకొచ్చిన పదార్థం తన వంశమేమిటో చెప్పుకోవద్దా? 1869లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో ఫ్రెడరిక్ మీషర్ అనే స్విట్జర్లాండ్ యువకుడు ఆసుపత్రి నుంచి పుండ్లకు కట్టిన గుడ్డలు తెప్పించుకుని, వాటి చీములోని కణాల నుంచి ఈ డీఎన్ఏను బయటికి తీశాడు. ప్రయోగశాల అంటే పాత కోటలో ఒకప్పటి వంటగది. చీములో పురుడు, వంటింట్లో బారసాల! పెట్టిన పేరు న్యూక్లీన్. గురువు హోప్పె-సైలర్‌కే నమ్మకం కుదరలేదు. ప్రయోగాలు తానే మళ్లీ చేసి చూసుకున్నాక, 1871లో గానీ అచ్చు వేయలేదు.

అవతల ప్రోటీన్‌ను చూడండి. కండ దానిదే, వెంట్రుక దానిదే, ఒంట్లో రసాయన పనులు నడిపే ఎంజైములు దాదాపు అన్నీ ఆ ఇంటి పిల్లలే. చేతిలో అమైనో ఆమ్లాలనే ఇటుకలు 20 రకాలు. డీఎన్ఏ దగ్గరున్నవి 4 అక్షరాలు, అంటే నాలుగే రకాల రసాయన ముక్కలు. ఆ నాలుగూ సమపాళ్లలో, ఒకే వరుసలో మళ్లీ మళ్లీ వస్తాయని న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో ఫీబస్ లెవీన్ భావించారు. నాలుగక్షరాలు వచ్చినవాడిని ఊళ్లో గౌరవించేవారు, నిజమే. అంతమాత్రాన ఏనుగును రాసే పని అప్పగిస్తామా? 56 అక్షరాలు నేర్చుకున్న మనం ఒక్క అర్జీ సూటిగా రాయలేకపోతున్నాం.

అసలు చిక్కు తెచ్చిపెట్టింది ఎలుకలు. 1928లో లండన్‌లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ న్యుమోనియా బాక్టీరియాతో ప్రయోగాలు చేశాడు. నున్నటి రకం ఎలుకను చంపుతుంది, గరుకు రకం చంపదు. వేడికి చచ్చిన నున్నటి రకమూ చంపదు. చచ్చిన నున్నటివాటినీ బతికున్న గరుకువాటినీ కలిపి ఎక్కిస్తే మాత్రం ఎలుక చచ్చింది, దాని రక్తంలో నున్నటి బాక్టీరియా నిక్షేపంగా బతికి కనిపించింది! అంటే చచ్చినవాడు బతికున్నవాడికి ఆస్తి రాసి పోయాడు. మరి ఆ వీలునామా దేని మీద రాసి ఉంది?

ఆ కాగితం కోసం ఆస్వాల్డ్ ఏవరీ, మెక్లౌడ్, మెకార్టీ ఏళ్ల తరబడి వెతికారు. అదీ లెవీన్ పనిచేసిన రాక్‌ఫెల్లర్‌లోనే. 75 లీటర్ల ద్రవంలో బాక్టీరియాను పెంచితే చివరికి మిగిలేది 10 నుంచి 25 మిల్లీగ్రాములు. ప్రోటీన్‌ను కోసే ఎంజైములు వేశారు, వీలునామా చెక్కుచెదరలేదు. డీఎన్ఏకు దగ్గరి బంధువైన ఆర్ఎన్ఏను కోసేదీ వేశారు, అయినా చెదరలేదు. డీఎన్ఏను నాశనం చేసేది వేయగానే చెల్లకుండా పోయింది. 60 కోట్ల వంతుల్లో ఒక్క వంతుగా పలచబరిచినా ఆ పదార్థం పనిచేసింది.

అప్పుడు అదే సంస్థలోని ఆల్ఫ్రెడ్ మిర్‌స్కీ ఒక పెద్దమనిషి ప్రశ్న వేశారు: ఎంత కడిగినా అందులో కాస్త ప్రోటీన్ మిగిలి ఉండదా? గుమాస్తా లెక్క సరిగ్గా రాస్తే, బీరువా వెనక నుంచి యజమాని చెప్పి రాయించి ఉంటాడనుకోవడం కదా మర్యాద! ఏవరీ కూడా గట్టిగా వాదించే మనిషి కాదు. ఇది జన్యువే కావచ్చని తమ్ముడికి ఉత్తరం రాస్తూనే, బుడగలు ఊదడం సరదాయే గానీ ఇతరులు పొడవకముందే మనమే పొడిచి చూసుకోవాలని జాగ్రత్త చెప్పుకున్నారు. 1944లో అచ్చయిన పరిశోధన పత్రంలోనూ ఆచితూచే రాశారు. ఇంత వినయంగా చెబితే ఎవరు వింటారు?

1952లో ఆల్ఫ్రెడ్ హెర్షీ, మార్తా చేజ్ వచ్చారు. బాక్టీరియాను తినే వైరస్‌ను తీసుకుని, దాని ప్రోటీన్‌కు రేడియోధార్మిక గంధకం, డీఎన్ఏకు రేడియోధార్మిక భాస్వరం గుర్తుగా పెట్టారు. బాక్టీరియాకు వైరస్ అంటుకున్నాక అంతటినీ వంటింటి మిక్సీలో వేసి తిప్పారు. బాక్టీరియా లోపలికి దూరిన భాగమే పిల్ల వైరస్‌లను పుట్టిస్తుంది. భాస్వరం చాలావరకు లోపలికి పోయింది, గంధకం చాలావరకు బయట మిగిలింది. దాదాపు ఐదో వంతు గంధకం మాత్రం బాక్టీరియాను వదల్లేదు. ఏవరీ కడిగిన కడుగుడు ముందు ఇదేం శుభ్రం? అయినా లోకం తల ఊపింది. కారణం మిక్సీయేనని నా దృఢమైన అభిప్రాయం. అరవై కోట్ల వంతు ఎవరి ఊహకు అందుతుంది? మిక్సీ అయితే అందరూ చూసిందే. పైగా వంటింట్లో పుట్టినదానికి వంటింటి సామానే సాక్ష్యం చెప్పడం న్యాయంగా కూడా ఉంది.

మరుసటి ఏడాదే వాట్సన్, క్రిక్ డీఎన్ఏ ఆకారం మెలికల నిచ్చెన అని చూపించడంతో ప్రోటీన్ పక్షంలో నాలాంటివారు తప్ప ఎవరూ మిగల్లేదు. ఏవరీ నోబెల్ లేకుండానే 1955లో పోయారు. 1969లో హెర్షీకి, మరో ఇద్దరికి కలిపి నోబెల్ ఇచ్చారు. ఆ ఇద్దరిలో మార్తా చేజ్ లేదు. మిక్సీకీ ఏమీ ఇవ్వలేదు.