గంజు అడుగున పేరు

రెండుసార్లు తలంటుకున్నా చెవి వెనక ఇంకా నువ్వుల పొడి ఉన్నట్టే అనిపిస్తోంది. ఇది జరిగింది మొన్న ఆదివారం. ఇవాళ మంగళవారం. మెట్ల మీద ఎదురైన ప్రతివాళ్ళూ "సార్, పచ్చిపులుసు ఎట్లుండె?" అని అడుగుతున్నారు, అడిగి నవ్వకుండా నిలబడుతున్నారు, అది ఇంకా ఘోరం. ఈ కథ నల్లగొండంతా తిరిగి హాలియాలో మా అత్తగారింటికి చేరేలోపు జరిగిందేమిటో నేనే చెప్పేస్తాను.

గంజు పోయింది. మా పెళ్ళికి అత్తమ్మ పెట్టిన స్టీలు గంజు, ఆరుగురికి పప్పుచారు పట్టేంత. అంచు దగ్గర ఒక సొట్ట ఉంటుంది, ఆ సొట్ట నావల్లే పడిందని 19 ఏళ్ళుగా వింటున్నాను. పోయిన గురువారం పొద్దున మా ఇంటామె చిక్కుడుకాయలు తుంచుతూ "మా అమ్మ పెట్టిన గంజు కనబడ్తలేదు" అంది. అంతే అంది. మళ్ళీ కాయలు తుంచుకుంటోంది. ఆడవాళ్ళు ఇట్లా చెప్పినప్పుడు "అవునా" అని పేపర్ తిప్పెయ్యాలని పెళ్ళయిన ఏ మగవాణ్ణి అడిగినా చెప్తాడు. నాకూ తెలుసు. కానీ ఆ పూట నా చేతిలో పేపర్ లేదు, డిటెక్టివ్ నవల ఉంది. అందులో హంతకుడు దొరకడానికి ఇంకా ముప్పై పేజీలుంది. ఆ ఊపులో నేను లేచి నిలబడి "ఆఖరిసారి ఎప్పుడు చూశావు?" అన్నాను.

ఈ నవలల పిచ్చి నల్లగొండ ఎన్జీ కాలేజీలో చదివే రోజుల నుంచి ఉంది. అద్దెకు తెచ్చుకుని, అద్దె పెరగకముందే తిరిగిచ్చెయ్యాలని రాత్రికి రాత్రి చదివేసేవాణ్ణి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ అంటే ప్రాణం. నాకు ఆయన అసిస్టెంట్ రాజు లాంటివాడు దొరకలేదు గానీ లేకపోతే నేనూ ఎక్కడో ఉండేవాణ్ణి అని ఇప్పటికీ నమ్మకం. ఇప్పుడు అద్దె కొట్లు లేవు కాబట్టి రెండు మూడు నెలలకోసారి ఆదివారం హైదరాబాద్ పోయి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకొస్తాను. మా ఇంటామె కూడా వస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని కిటికీ పక్కన కూర్చుంటుంది. నేను ఫుల్ చార్జీ ఇచ్చి సగం దూరం నిలబడతాను. పథకం మంచిదే, నేను కాదనను. నా బాధల్లా ఏమిటంటే, నవల మొత్తం చదివేవాడికి ఫుల్ చార్జీ, ఒక్క పేజీ చదివే మనిషికి ఫ్రీ.

అవును, ఒక్క పేజీ. ఆమె ఏ నవల తీసినా ముందు చివరి పేజీ చదువుతుంది. నేను బస్సులో బేరం చేసిన పుస్తకాలు చూసుకుని మురుస్తుంటే, ఆమె ఒక్కొక్కటి వెనక నుంచి తెరిచి "ఓహో" అని మూసేస్తుంది. ఆ "ఓహో" వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకట్లా అంటే, "చంపినోడు ఎవడో తెలిస్తే, వాడు ఎట్లెట్ల అబద్ధాలాడ్తుండో నిమ్మళంగ సూడొచ్చు గద" అంటుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

వీళ్ళతో వాదించి గెలవలేం. ఒకసారి నేను గొప్పగా అగాథా క్రిస్టీ సంగతి చెప్పాను. 1926 డిసెంబర్‌లో ఆమె ఇల్లు వదిలి 11 రోజులు మాయమైంది, కారు దొరికింది కానీ మనిషి లేదు, పోలీసులు, మామూలు జనం, చివరికి విమానాలతో సహా గాలించారు. షెర్లాక్ హోమ్స్‌ను పుట్టించిన కానన్ డాయిల్ అంతటివాడు ఆమె గ్లౌజు ఒకటి పట్టుకుపోయి సోదె చెప్పేవాడిలాంటి మనిషి చేతిలో పెట్టి అడిగాడు. చూస్తే ఆమె హారోగేట్ అనే ఊళ్ళో ఒక హోటల్‌లో ఉంది, రిజిస్టర్‌లో రాయించిన ఇంటిపేరు తన మొగుడు మనసుపడ్డ అమ్మాయిది. మా ఇంటామె వెల్లుల్లి పొట్టు తీస్తూ విని, "మొగుడు ఎవరెంట తిరుగుతుండో ఆ పేరు పట్టుకుని హోటళ్ళన్నిట్ల అడిగితే ఒక్క రోజుల అయిపోతుండె. విమానాలెందుకు?" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

సరే, గంజు. గురువారం నుంచి శనివారం దాకా నేను చేసిన విచారణ గురించి చెప్పను. ఒక నోట్‌బుక్ పెట్టాను, అంతవరకు చెప్తాను. అందులో అనుమానితుల పేర్లలో మా అత్తమ్మ పేరు కూడా ఉందని ఆమెకు తెలియకపోవడం మంచిది. నేను అటకెక్కి, మంచం కింద దూరి, స్టోర్‌రూమ్‌లో టార్చి వేసి చూస్తుంటే మా ఇంటామె టీ తాగుతూ చూసింది. ఒక్క మాట అనలేదు. నాకప్పుడే అనుమానం రావాలి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్ళినప్పుడూ ఇంతే. అక్కడ గర్భగుడిలో పొద్దంతా కదలని స్తంభం నీడ ఉంటుంది కదా, అది ఏ స్తంభానిదో కనిపెడదామని నేను ఒక్కో స్తంభం దగ్గరా చెయ్యి ఊపుతూ గంటసేపు తిరిగితే, చివర్లో మెల్లగా వచ్చి "మీరు అడ్డం నిలబడ్డరు, దర్శనానికి జనం ఆగిన్రు" అంది. గంటసేపు ఎందుకాగావంటే నవ్వింది.

ఆదివారం పైఇంటివాళ్ళ మనవడి పుట్టినరోజు. బంగ్లా మీద షామియానా, బగారన్నం, మటన్, పెరుగు, పచ్చిపులుసు. నేను ప్లేట్‌లో అన్నం, కూర పెట్టించుకుని పులుసు దగ్గరికి వచ్చేసరికి చూశాను. గంజు. అదే సైజు. అంచు దగ్గర సొట్ట. నా గుండె దడదడలాడింది. జేబులో నవల కూడా ఉంది, ఆఖరి ముప్పై పేజీలు అక్కడే ఒక మూల కూర్చుని పూర్తి చేద్దామని తెచ్చుకున్నాను, పాత పాకెట్ సైజు పుస్తకం, చొక్కా జేబులో సరిగ్గా పడుతుంది.

ఇక రుజువు కావాలి. రుజువంటే పేరు.

ఇక్కడ స్టీలు సామాను షాపులవాళ్ళ గురించి రెండు ముక్కలు మాట్లాడాలి. గిన్నె కొంటే పేరు ఫ్రీగా కొట్టిస్తారు, సంతోషం. కానీ అడుగున ఎందుకు కొడతారయ్యా? పక్కన కొట్టమంటే "అందం పోతది సార్" అంటాడా పిల్లవాడు. అడుగున ఉన్న పేరు చదవాలంటే గిన్నె ఖాళీగా ఉండాలి. ఖాళీగా ఉన్నప్పుడు అది పక్కింటివాళ్ళ వంటింట్లో ఉంటుంది, అక్కడికి మనం పోలేం. బయటికి వచ్చినప్పుడేమో నిండుగా ఉంటుంది, తిరగెయ్యలేం. ఇంత పకడ్బందీ ఏర్పాటు బ్యాంకు లాకర్లకు కూడా లేదు. పైగా ఆ అక్షరాలు చుక్కలు చుక్కలుగా, చీమలు వరస తప్పి పోతున్నట్టు ఉంటాయి. నాకు చత్వారం వచ్చి మూడేళ్ళయింది.

వంగి కింద నుంచి చూద్దామంటే నడుము ఒప్పుకోదు. గంజును కొంచెం ఎత్తి సందులో ఫోన్ పెట్టి ఫోటో తీశాను. బల్ల మీది గుడ్డకున్న గులాబీ పువ్వు వచ్చింది, చాలా స్పష్టంగా. వెనక లైనులో ఎవరో దగ్గారు. నేను ప్లేటు పక్కన పెట్టి, రెండు చేతులా గంజు పట్టుకుని పైకెత్తాను. మెడదాకా వచ్చింది, కనపడదు. ముఖం దాకా ఎత్తాను, మసక. అప్పుడు గుర్తొచ్చింది, నావి బైఫోకల్ అద్దాలు. దగ్గరిది చదవాలంటే కింది ముక్కలోంచి చూడాలి. పైన ఉన్న వస్తువును కింది ముక్కలోంచి చూడాలంటే తల పూర్తిగా వెనక్కి వాల్చాలి. వాల్చాను. ఇప్పుడు గంజు నెత్తిమీద, ముఖం ఆకాశంలోకి, నోరు దానంతటదే తెరుచుకుంది. అక్షరాలు తేటగా కనిపించాయి. "పెండ్లి కానుక" అని ఉంది. దాని కింద ఇంకో వరస ఉంది, దాని మీద షామియానా నీడ పడుతోంది, అందుకని వెలుతురు కోసం గంజును కొంచెం, కొంచెమే, నావైపు వంచాను.

ముందు ఉల్లిగడ్డ ముక్కలు వచ్చాయి. అవి తేలికగా పైన తేలుతుంటాయి కాబట్టి. ఒకటి అద్దం మీద అతుక్కుంది. ఇది శాస్త్రమే అనుకునేంత సమయం కూడా దొరికింది నాకు, అంత నెమ్మదిగా మొదలైంది. తర్వాత మాత్రం నెమ్మది లేదు. చింతపండు రసం, కాల్చిన మిరపకాయ, నువ్వుల పొడి, కొత్తిమీర, అన్నీ కలిసి నుదుటి మీది నుంచి కాలర్‌లోకి, కాలర్‌లోంచి జేబులోకి దిగాయి. కళ్ళలో పడ్డ కారం గురించి చెప్పుకోవడానికి తెలుగులో నాకు తెలిసిన మాటలన్నీ అక్కడ చిన్నపిల్లలున్నారని మింగేశాను. అయినా గంజు వదల్లేదు. సాక్ష్యం కదా.

బంగ్లా మీద చప్పుడు లేదు. ఒక ముసలమ్మ మాత్రం పక్కామెతో "ఉప్పు సూస్తున్నడేమో" అంది. పుట్టినరోజు పిల్లవాడు చప్పట్లు కొట్టాడు. పైఇంటి సార్ రిటైరైన లెక్కల టీచర్, పరుగెత్తుకొచ్చి "ఏమైంది సార్, ఏమన్న పడ్డదా అందుల?" అని గంజులోకి తొంగిచూశాడు. బల్లి పడినా ఈగ పడినా ఒప్పుకునే మంచి మనిషి, ఆయన ముఖంలో ఆ గాభరా చూస్తే నాకు ఇంకా సిగ్గేసింది. "పేరు చూస్తున్నా" అని చెప్పలేను కదా. చెప్తే మీ ఇంట్లో దొంగసొమ్ముందని చెప్పినట్టు.

మా ఇంటామె ఇరవై అడుగుల దూరంలో, ఇటు వీపు పెట్టి కూర్చుని ఉంది. నేను ప్లేటు పక్కన పెట్టినప్పుడే ఆమెకు తెలిసిపోయిందట. ఎట్లా అంటే చెప్పదు. నిమ్మళంగా లేచి వచ్చి, కొంగుతో నా అద్దాలు తుడిచి నాకే పెట్టి, "ఆయనకు పచ్చిపులుసంటే పానం అక్కా" అని పైఇంటి అక్కతో చెప్పి నన్ను మెట్లు దింపింది.

కిందికి వచ్చాక కళ్ళు కడుక్కుంటూ "అది మన గంజే" అన్నాను.

"కాదు. అది వాళ్ళ తమ్ముని పెండ్లిలది. మనది వాళ్ళ వంటింట్ల స్టవ్వు పక్కన ఉన్నది. ఉగాదికి నేనే బొబ్బట్లేసి పంపిన."

"మరి గురువారం కనబడ్తలేదన్నావు?"

"కనబడ్తలేదంటే కనబడ్తలేదనే. పోయిందన్ననా?"

అప్పుడు నేను చిన్నగా, అదైనా తెలుసుకుందామని, మన గంజు మీద ఏ పేరుంటుందని అడిగాను. మామయ్య పేరా, అత్తమ్మ పేరా? రెండూ కాదట. వాళ్ళ మేనమామ వాళ్ళమ్మకు పెట్టిన గంజట అది, ఆయన పేరు ఉంటుందట. మా వంటింట్లో ఉన్న గిన్నెల్లో మా పేరున్నది ఒక్కటీ లేదట, అన్నీ పెట్టినవాళ్ళ పేర్లేనట. అంటే నేను నాలుగు రోజులుగా ఏ పేరు కోసం వెతుకుతున్నానో నాకే తెలియదు.

"అయితే వాళ్ళు మన గంజు ఎందుకు తిరిగియ్యలేదు?" కనీసం ఒక నేరస్థుడన్నా మిగలాలి కదా.

"ఖాళీ గిన్నె ఎవరన్న పంపుతరా? ఏమన్న చేస్తే పెట్టి పంపుదామని ఆగింది అక్క. మనం మాత్రం ఇచ్చినమా వాళ్ళ డబ్బా?"

వాళ్ళ డబ్బా అంటే, నేను రోజూ మురుకులు తింటూ నవల చదివే డబ్బా. ఒళ్ళో పెట్టుకుని. గురువారం గంజు కేసు మొదలుపెట్టినప్పుడు కూడా ఒళ్ళోనే ఉంది. తిరగేసి చూశాను. అడుగున కాదు, పక్కనే, ఇంత లావు అక్షరాలతో పైఇంటి సార్ పేరు, ఊరు, తేదీ. కథ చెప్పేవాడే హంతకుడని తేలే నవల ఒకటుంది, పేరు చెప్పను, చెప్తే ఆమెకూ నాకూ తేడా ఉండదు.

గురువారం నుంచే అంతా తెలిసి ఎందుకు చెప్పలేదంటే, "మీరు అటకెక్కుతుంటే మంచిగనిపించింది" అంది.

తర్వాత చొక్కా విప్పి బకెట్లో వేస్తుంటే నవల గుర్తొచ్చింది. తీశాను. ఆఖరి ముప్పై పేజీలు పచ్చిపులుసులో నాని ఒకే అట్టలా అతుక్కుపోయాయి. ఫ్యాన్ కింద పెట్టాను, ఎండలో పెట్టాను, ఇవాళ పొద్దున ఒక కాగితం విడదీయబోతే కొత్తిమీరతో సహా చిరిగింది. అబిడ్స్‌లో ఆ పుస్తకం మళ్ళీ దొరుకుతుందన్న నమ్మకం లేదు. హంతకుడెవడో ఈ ఇంట్లో తెలిసింది ఒక్కరికే, బస్సులోనే చివరి పేజీ చూసి "ఓహో" అంది కదా.

అడిగాను. ముందు పైఇంటివాళ్ళ డబ్బా ఇచ్చి మన గంజు తెమ్మంది. పోతానన్నాను. ఖాళీగా కాదంది. గారెలకు ఇప్పుడే పప్పు నానబోసింది, నాలుగు గంటలు నానాలట, రుబ్బడం నా వంతట.