టీ పుస్తకం ఉన్న గదిలో టీ తాగరాదు

టోక్యోలో 20 ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్న మనవాడొకాయన ఇంటికి మొన్న వెళ్లాను. జపాన్ సంస్కృతి మీద వచ్చిన పాత పుస్తకాలు పోగుచేస్తాడు, అదీ మొదటి ముద్రణలే. రెండో ముద్రణ అన్నామా, ఎంగిలి విస్తరి చూసినట్టు మొహం పెడతాడు.

వాళ్లావిడ టీ తెచ్చింది. ఆయన గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఈ గదిలోకి వద్దు, ఆవిరి తగులుతుంది!" దేనికయ్యా అంటే, 1906లో న్యూయార్క్‌లో అచ్చయిన, జపాన్ రచయిత ఒకాకురా కకుజో 'ది బుక్ ఆఫ్ టీ'కి. టీ గురించి రాసిన పుస్తకానికి టీ పడదట! సరే, నడవాలో నిలబడి టీ తాగి, చేతులు తుడుచుకుని, దర్శనానికి లోపలికెళ్లాం. ఆయన తెల్ల గ్లవ్స్ వేసుకున్నాడు (శుభ్రంగా కడిగి ఆరబెట్టుకున్న చేతులే పుస్తకానికి మేలని పెద్ద పెద్ద లైబ్రరీలవాళ్లే చెబుతున్నారు, కానీ ఉత్త చేతులతో పూజారిలా కనబడం కదా), పుస్తకం తెరిచాడు, రెండు పేజీలు చూపించి మూసేశాడు.

"ఎలా ఉందండీ పుస్తకం?" అనడిగాను.

"ఫోన్‌లో పీడీఎఫ్ ఉంది, ఎప్పుడో చదవాలి."

అసంపూర్ణమైనదాన్ని ఆరాధించడమే టీ మార్గమని ఒకాకురా మొదట్లోనే రాశాడు. ఈయనేమో అట్ట మీది చిన్న గోధుమరంగు చుక్క గురించి పావుగంట బాధపడ్డాడు. "టీ మరకేమోనండీ" అన్నాను. ఆ తర్వాత నన్ను కూర్చోమనలేదు.

జాగ్రత్త తప్పని నేననను. టోక్యోలోని జింబోచో పేటలో పాత పుస్తకాల షాపులు చాలావరకు ఉత్తరం వైపుకే తెరుచుకుని ఉంటాయి, పుస్తకాల మీద ఎండ పడకూడదని. అయినా ఎవరైనా వెళ్లి నాలుగు పేజీలు తిప్పుకోవచ్చు. 1885 నుంచి ప్రచురణకర్త హసెగావా తకెజిరో ఇంగ్లిష్‌లో వేసిన జపాన్ కథల పుస్తకాలున్నాయి, చెక్క అచ్చు బొమ్మలతో. కాగితాన్ని ముడతలు పడేలా నొక్కి గుడ్డలా చేశాడు, వేళ్ల మధ్య పట్టుకుంటే ఉతికి ఉతికి మెత్తబడ్డ చీర కొంగులా ఉంటుంది. ఆ ముడతల కాగితం సుఖం చేతికే కదా తెలిసేది! మా పెద్దమనిషి తన దగ్గరున్నదాన్ని ప్లాస్టిక్ కవర్లో సీలు చేసి పెట్టాడు.

ఇంతవరకూ నవ్వుకున్నాను. టీ తాగిన నడవాలోకి మళ్లీ వచ్చాక గోడ మీద నాలుగు ఫ్రేములు కనబడ్డాయి. 1897లో బ్రింక్లీ సంపాదకత్వంలో జపాన్ మీద వచ్చిన పుస్తకాల సెట్లోవి, చేత్తో రంగులద్దిన అసలు ఫొటోలు. పుస్తకం కోసి తీసినవి! "సెట్ ఎలాగూ పూర్తిగా లేదు కదండీ, విడివిడిగా కొన్నాను" అన్నాడు, అదేదో పుస్తకాన్ని కాపాడినట్టు. కోసి అమ్మేవాడు కసాయి అయితే కొనేవాడెవడు? ఎవరో కూర్చుని ఒక్కొక్క ఫొటోకీ రంగు వేస్తే, వందేళ్లు దాటి బతికి వచ్చిన పుస్తకాన్ని ముక్కలు చేసి గోడకి మేకు కొడతారా? సిగ్గుండక్కర్లేదూ? టీ ఆవిరికి వణికిపోయే ఈ మనిషికి కత్తి అంటే ఏ భయమూ లేదు.

ఆ ఫ్రేముల మీద ఎదురు కిటికీలోంచి నేరుగా ఎండ పడుతోంది. దానికి కర్టెన్ కూడా లేదు.